పదకొండు సెకన్ల తప్పు

మధ్యాహ్నం మూడు గంటల నలభై రెండు నిమిషాలకు కంప్యూటర్ గది తలుపుకు బయటి నుంచి తాళం పడింది.

లోపల ఉన్న ప్లాస్మా శాస్త్రవేత్త తల ఎత్తలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ తలుపు మూసుకోవడం, తెరుచుకోవడం ఆయన చెవికి గడియారం చప్పుడు లాంటివి. ఏసీ చూడటానికి వచ్చిన మెకానిక్ అయిదు నిమిషాల కిందటే నమస్కారం పెట్టి వెళ్లాడు. చక్కటి పనిమంతుడిలా కనిపించాడు; విప్పిన ప్రతి స్క్రూ తిరిగి బిగించాడు.

అప్పుడు పైకప్పు బుసకొట్టింది.

నిప్పు లేదు. నిప్పును ఆర్పే గ్యాసు మాత్రం దిగుతోంది. అలారం మోగలేదు. అంటే దాని వైరు తెగి ఉంది. గది ఎంత, సిలిండర్లు ఎన్ని, మనిషికి కావలసిన గాలి ఎంత అన్న లెక్క ఆయనకు కాగితం లేకుండానే వచ్చేసింది. తొంభై సెకన్లు.

మరొకరైతే తలుపు దగ్గరికి పరుగెత్తేవారు. ఆయన స్క్రీన్ వంక చూశారు. నెట్‌వర్క్ లోంచి ఎవరో ఆయన ప్రోగ్రామ్‌ను కాపీ చేసుకుంటున్నారు. ఏ ఖాతా నుంచో కూడా కనిపిస్తోంది. ఆ పేరు చూసి ఆయన ఒక్క క్షణం ఆగారు. కాపీ ఇంకా సగంలోనే ఉంది.

కుర్చీని దగ్గరికి లాక్కుని ప్రోగ్రామ్‌లో ఒక వరుస తెరిచారు. ఒక అంకె మార్చారు. సేవ్ చేశారు.

ఆ తలుపు మీద లోపలి నుంచి ఒక్క దెబ్బ కూడా పడలేదు.

* * *

గూఢచర్య విభాగాధిపతిని అందరూ పెద్దాయన అంటారు. మనిషి అయిదడుగులు దాటడు. ఆ పేరు గొంతును బట్టి వచ్చింది. ఆయన ఆఫీసు ఒక ఫర్నిచర్ షోరూమ్ మూడో అంతస్తులో, అమ్మకానికి లేని బీరువాల వెనక ఉంటుంది.

"కూర్చో."

"నిలబడే వింటాను సార్."

"పోయినవాడు నీ మేనమామ. రూలు ప్రకారం ఈ కేసు నీకివ్వకూడదు."

"ఇవ్వకపోతే సెలవు పెడతాను."

"పెట్టి?"

"ఈ పనే చేస్తాను. మీకు రిపోర్టు రాయను, అంతే తేడా."

పెద్దాయన ఫైలు ముందుకు తోశాడు. ఏజెంట్ కోడ్‌నేమ్ 'సున్నా'. విభాగంలో చేరిన రోజు తనకు తాను పెట్టుకున్న పేరు అది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

"కక్ష్య నుంచి దిగే క్యాప్సూల్ చుట్టూ గాలి మండి ప్లాస్మా అవుతుంది" అన్నాడు పెద్దాయన. "రేడియో లోపలికి పోదు, బయటికి రాదు. ఆరు నిమిషాలు మనవాళ్లు ఉన్నారో లేరో మనకు తెలియదు. ఇంతవరకూ నా బుర్రకెక్కింది. మీ మామయ్య కనిపెట్టిందేమిటి?"

"ఆ మంటతెర మందం మారుతూ ఉంటుంది సార్. క్యాప్సూల్ ఒక కోణంలో వాలినప్పుడు నాలుగు సెకన్ల పాటు పలచబడుతుంది. ఆ నాలుగు సెకన్లు ఎప్పుడో ముందే చెప్పే ప్రోగ్రామ్ ఆయనది. ఆ కిటికీలోంచి మాటైనా పంపొచ్చు, ఆజ్ఞైనా పంపొచ్చు."

"పారాచూట్ విప్పమని ఆజ్ఞ పంపితే?"

"ఆ వేగంలో విప్పితే క్యాప్సూల్ ముక్కలవుతుంది."

పెద్దాయన కిటికీ వంక చూశాడు. పైన, కక్ష్యలో, ఇద్దరు మనుషులతో ఒక క్యాప్సూల్ తిరుగుతోంది. అయిదో రోజు పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు గాలిలోకి దిగి మంటతెరలో ఉంటుంది. దాని పైలట్ చనిపోయిన శాస్త్రవేత్త కూతురు, సున్నాకు మరదలు.

"రిసీవర్ ఆపేయమని వాళ్లకు చెబితే?"

"స్విచ్ లేదు. మనుషులు స్పృహ తప్పినా అది పనిచేయాలని మామయ్యే స్విచ్ వద్దన్నాడు. ఆజ్ఞ మనదేనని దానికి చెప్పే సంకేతపదం చిప్‌లో చెక్కి ఉంది. మార్చలేం."

"దిగడం వాయిదా వేస్తే?"

"ఆక్సిజన్ అయిదు రోజులకే ఉంది సార్."

సరిహద్దు అవతలి ముఠా ఒకటి ప్రోగ్రామ్‌నూ సంకేతపదాన్నీ ఎత్తుకుపోయింది. ఒక్కసారి చేసి చూపిస్తే చాలు. ఏ దేశపు నౌకనైనా తిరుగుదారిలో కూల్చే ఆయుధంగా దాన్ని ప్రపంచమంతా అమ్ముకోవచ్చు. ఆ ముఠాకు నాయకుడూ చంపే చేయీ ఒకడే. వాడిని మెకానిక్ అంటారు. వాడి ట్రాన్స్‌మిటర్ ఈ నగరంలోనే, క్యాప్సూల్ దారి కిందే ఎక్కడో ఉంది. ఎక్కడో తెలియదు.

సున్నా కంప్యూటర్ లాగ్ ఉన్న పేజీ దగ్గర ఆగాడు. కాపీ చేసినవాడి ఖాతా పేరు చెరిపేసి ఉంది. దాని కింద ఒక్క వరుస: మధ్యాహ్నం మూడు నలభై మూడు, ఒక అంకె మార్పు.

"అది ఊపిరాడక ఏదో మీట నొక్కి ఉంటాడని పోలీసులు రాశారు" అన్నాడు పెద్దాయన.

"కాదు సార్. ఇది ప్రశ్నపత్రం."

ఆ లాబ్‌లో ఒక ఆచారం ఉంది. చేరిన ప్రతి విద్యార్థికీ మామయ్య తన ప్రోగ్రామ్‌లో ఒకే ఒక తప్పు చొప్పించి ఇచ్చేవాడు. 'దీన్లో ఒక తప్పుంది. అది దొరికేదాకా ఈ ప్రోగ్రామ్ నీది కాదు' అనేవాడు. వెతికే పద్ధతి కూడా ఆయనే చెప్పేవాడు: 'ముందు శక్తి లెక్క చూడు. పెట్టినంత శక్తి తిరిగి రావాలి. రాకపోతే లోపల దొంగ ఉన్నాడని అర్థం.' ఇరవై మూడేళ్ల వయసులో మేనల్లుడు ఆరువారాలు వెతికి చేతులెత్తేశాడు. మామయ్య కాగితం మీద సున్నా చుట్టి ఇచ్చి, 'నీకు అనుమానించడం రాదురా. ఎవరేం చెప్పినా నమ్మేస్తావు' అన్నాడు. ఆ మాటకు రోషపడి అతడు అనుమానించడమే వృత్తిగా ఉన్న చోట చేరాడు.

"ఇక్కడ ఏడు ఉండాలి. అయిదు చేశాడు" అన్నాడు సున్నా. "ఎలక్ట్రాన్లు తిరిగి అయాన్లను కలుసుకోవడానికి పట్టే కాలం అది. అయిదు పెడితే తెర తొందరగా పలచబడినట్టు లెక్క వస్తుంది. కిటికీ పదకొండు సెకన్లు ముందు తెరుచుకున్నట్టు చూపిస్తుంది. ఆ టైముకు పంపిన సిగ్నల్ తెరకు తగిలి వెనక్కి పోతుంది, గోడకు కొట్టిన బంతిలా."

"మంచిదే. అయితే మనం చేతులు కట్టుకుని కూర్చోవచ్చు."

"కూర్చోలేం. ఆ అంకె ఇంకో చోట కూడా వస్తుంది. అక్కడ మార్చడానికి ఆయనకు టైము చాలలేదు. అందుకని శక్తి లెక్కలో తేడా వస్తుంది. తెలిసినవాడు చూస్తే ఒక పూటలో పట్టేస్తాడు."

పెద్దాయన నవ్వాడు. "వాళ్లు ఆ తెలిసినవాడి కోసమే వెతుకుతున్నారు. ఆ ముఠాలో బేరాలు కుదిర్చే ఒకావిడ మనకూ కబుర్లు చెబుతుంది. ముత్యాలావిడ అంటారు. నాకూ చెబుతుంది, వాళ్లకూ చెబుతుంది. నిజం ఎవరికి చెబుతుందో ఆవిడకైనా తెలుసో లేదో."

"నమ్మొచ్చా?"

"గొడుగును నమ్మినట్టు నమ్ము. గాలి వచ్చేదాకా." సొరుగు లాగి రెండు వస్తువులు బల్ల మీద పెట్టాడు. "వినికిడి యంత్రం. ఎప్పుడు నొక్కితే అప్పుడు నువ్వున్న చోటు మాకు తెలుస్తుంది. ఇది ఆస్తమా ఇన్‌హేలర్. ఇరవై ఐదు శ్వాసల ఆక్సిజన్. వాడి ఆయుధం గ్యాసు కదా. ఇరవై ఆరోది ఉండదు, గుర్తుపెట్టుకో."

"నా పనేంటి సార్? ఒక్క ముక్కలో చెప్పండి."

"ఆ పరీక్షలో రెండోసారి తప్పడం."

* * *

అత్తయ్య ఇస్త్రీ చేస్తోంది. అవి మామయ్య చొక్కాలు. ఇక ఎవరూ తొడగని చొక్కాలను ఆమె కాలరు నుంచి మొదలుపెట్టి, ముప్ఫై ఏళ్లు లెక్కల టీచరుగా బోర్డు మీద గీతలు గీసిన శ్రద్ధతో మడతలు పెడుతోంది.

"పొద్దున నీ మరదలు వీడియోలో మాట్లాడింది" అంది తల ఎత్తకుండా. "నాన్నేడమ్మా అనడిగింది. పడుకున్నారే అన్నాను. ఇప్పుడేం నిద్ర, లేపమంది. వద్దులేవే, రాత్రంతా మెలకువగా ఉన్నారన్నాను. నవ్వుతూ చెప్పానురా. నవ్వుతూ."

దిగేదాకా ఆమెకు తెలియనివ్వకూడదని డాక్టర్లు చెప్పారు.

"వాణ్ణి పట్టుకుంటాను అత్తయ్యా."

"పట్టుకోవడానికి పోలీసులున్నారు. నేనడిగింది అది కాదు." ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నేను పుస్తకాలు చదివాను. పగ మంచిది కాదని పిల్లలకు చెప్పినదాన్ని. ఇప్పుడు చెప్పలేను. మీ మామయ్యకు గాలి లేకుండా చేసినవాడు గాలి పీలుస్తున్నాడన్న సంగతి, అదిగో, ఆ గోడలా నా ఎదురుగా ఉంది. ఎటు తిరిగినా అదే."

సున్నా మడతపెట్టిన చొక్కా అందుకుని దొంతర మీద పెట్టాడు. పగ తప్పు అని వాదించగల మనిషి తనలో ఉన్నాడేమోనని వెతికాడు. ఉన్నాడు, కాని ఆ రోజు వాడు మాట్లాడటానికి ఇష్టపడలేదు.

"ముందు పిల్ల దిగాలి" అంది అత్తయ్య. "ఆ తర్వాతే నా కోరిక. వరస తప్పించకు."

* * *

కళ్లజోళ్ల దుకాణంలో ఒకావిడ ఫ్రేములు పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. బూడిదరంగు పట్టుచీర, మెడలో మూడు వరసల ముత్యాలు. దుకాణదారుడు ధర చెప్పడం మర్చిపోయి నిలబడ్డాడు.

వంగిన భుజాలతో, జేబుకు సిరా మరకతో, దగ్గుతూ లోపలికి వచ్చిన ప్రొఫెసర్ ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఈ అద్దాలతో దూరం కనిపిస్తుందాండీ?"

"దూరం కనిపిస్తుంది. దగ్గరివాళ్లే కనిపించరు" అంది ఆమె. కోడ్ సరిపోయింది. గొంతు తగ్గించింది. "బయట తెల్ల వ్యాన్ ఉంది. కళ్లకు గంతలు కడతారు. మీరు నిజంగా లెక్కలు వచ్చినవారేనా, లేక మీ పెద్దాయన బీరువాల వెనక నుంచి తీసిన బొమ్మా?"

"సున్నా నుంచి మొదలుపెట్టి ఎంతవరకైనా వచ్చు మేడమ్."

"దగ్గు బాగుంది. కొంచెం తగ్గించండి, చనిపోయేలా ఉన్నారు."

* * *

గంతలు విప్పేసరికి మెట్ల మీద సబ్బు వాసన, ఆవిరి. అది ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. కింద యంత్రాలు తిరుగుతున్నాయి. డాబా మీద వందల తెల్లటి దుప్పట్లు ఆరుతున్నాయి. వాటి మధ్యలో ఆకాశం వైపు నోరు తెరుచుకుని పెద్ద డిష్. గుడ్డ రేడియో తరంగాలకు అడ్డం కాదు. పైనుంచి చూసే కంటికి మాత్రం అడ్డం. దాచినవాడు తెలివైనవాడని సున్నా ఒప్పుకోక తప్పలేదు.

డాబా కింది గదిలో కంప్యూటర్లు, కరెంటు నింపి ఉంచే నిలువెత్తు కెపాసిటర్ బీరువాలు, మూలన ఎర్రటి సిలిండర్లు. గోడ మీద ఎర్రటి హ్యాండిల్.

"నిప్పంటే భయమా?" అనడిగాడు సున్నా.

"భయం కాదు, పద్ధతి" అన్నాడు మెకానిక్. గుండ్రటి ముఖం, నూనె మరక లేని గోళ్లు. "అది లాగితే ముందు కరెంటు పోతుంది, తర్వాత తలుపుకు బోల్టు పడుతుంది, తర్వాత గ్యాసు దిగుతుంది. ఆ వరసలోనే జరగాలి. నేను బిగించిన పనికి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు పంతులూ."

"పెట్టడానికి మిగిలి ఉండాలిగా" అంది ముత్యాలావిడ.

వాడు పకపకా నవ్వాడు. సున్నా కూడా ప్రొఫెసర్‌లా దగ్గుతూ నవ్వాడు. చేతికి అందే దూరంలో బొగ్గుల నాటి ఇస్త్రీపెట్టె ఒకటి కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టి ఉంది. దాన్ని ఎత్తి ఆ గుండ్రటి ముఖం మీద దించడానికి ఒక్క సెకను చాలు. కాని ఆజ్ఞ మోసే రేడియో పల్స్‌ను పంపేది కంప్యూటర్ గడియారం. మనిషి పోయినా అది ఆగదు. బయట అరడజను మంది ఉన్నారు, వాళ్లు ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. తప్పు పట్టగలవాణ్ణి. ఇప్పుడే వినికిడి యంత్రం నొక్కి దాడి చేయిద్దామంటే, ఇంకెక్కడైనా రెండో డిష్ ఉందో లేదో తెలియదు. వరస తప్పించకు, అంది అత్తయ్య. అతడు ఇస్త్రీపెట్టెను కొంచెం పక్కకు జరిపి కాగితం తీసుకున్నాడు.

రెండు రోజులు అతడు ప్రోగ్రామ్ చదివాడు. ఒకప్పుడు ఆరువారాలు వెతికినా కనిపించని తప్పు ఇప్పుడు ప్రతి పేజీలోనూ వీధిదీపంలా వెలుగుతోంది. దాని మీద చూపు నిలవకుండా చదవడం, ఆ చోట మిగతా చోట్ల కన్నా ఎక్కువసేపూ తక్కువసేపూ ఆగకపోవడం, వెతకడం కన్నా వంద రెట్లు కష్టం. అజ్ఞానానికి శ్రమ అక్కర్లేదు. తెలియనట్టుండటానికి ఒంట్లోని ప్రతి కండరం కావాలి.

మూడో రోజు పొద్దున కళ్లజోడు తుడుచుకుని, "సరిగ్గానే ఉంది" అన్నాడు.

"సంతోషం" అన్నాడు మెకానిక్. "కాని నేనెప్పుడూ ఒక్క గేజి చూసి ఒత్తిడి చెప్పను. రెండోది కావాలి. మేడమ్, మీరూ ఇదే చదివారుగా. ఒకసారి చూడండి."

సున్నాకు ఈ సంగతి తెలియదు. పెద్దాయన ఫైల్లో లేదు.

ముత్యాలావిడ కూర్చుంది. మొదటి పేజీ చూడలేదు. నేరుగా చిట్టచివరి పట్టిక తెరిచి, గోరుతో పైనుంచి కిందికి ఒక నిలువు వరస కూడుకుంటూ వచ్చింది.

శక్తి లెక్క.

 ప్రపంచంలో ఏ ప్రోగ్రామ్‌నైనా వెనక నుంచి అలా తెరిచేవాళ్లు ఒకే గదిలో తయారయ్యారు. ఈమె మామయ్య విద్యార్థి.

ఆమె గోరు ఒక చోట ఆగింది. ముందుకు పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంకో పేజీ తెరిచింది. ఏడు ఉండాల్సిన చోట అయిదు ఉన్న వరుస స్క్రీన్ మధ్యలో నిలిచింది. ఆమె దాని వంక చూస్తోంది. ముఖంలోంచి రంగు నెమ్మదిగా దిగిపోతోంది. చెయ్యి మెడలోని ముత్యాల మీదికి వెళ్లింది.

పైన కక్ష్యలో తిరుగుతున్న మనిషి ప్రాణం ఈమె నోట్లోంచి రాబోయే రెండు మాటల మీద ఉంది. సున్నా ఇన్‌హేలర్‌ను గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"సరిగ్గానే ఉంది" అంది ఆమె.

* * *

అయిదో రోజు, పదకొండు గంటల పందొమ్మిది నిమిషాలు.

గదిలో ముగ్గురే ఉన్నారు. మిగతావాళ్లను మెకానిక్ డాబా మీదికీ మెట్ల మీదికీ కాపలాకు పంపాడు. సున్నా చెవి సర్దుకుంటున్నట్టు వినికిడి యంత్రం నొక్కాడు. పెద్దాయన మనుషులు చేరడానికి మూడు నిమిషాలు. ఈలోగా సిగ్నల్ తెరకు కొట్టుకుని వెనక్కి పోతుంది. ఆ తర్వాత మెకానిక్ తనవాడు.

"ఇరవై నిమిషాల ఆరు సెకన్లకు మొదటి పల్స్" అన్నాడు మెకానిక్, గడియారం చూస్తూ.

"మొదటిదా?" అన్నాడు సున్నా.

"నేనెప్పుడూ ఒక్క మేకుతో సరిపెట్టను పంతులూ. కెపాసిటర్లు మళ్లీ నిండటానికి పన్నెండు సెకన్లు. నిండగానే రెండోది దానంతటదే పోతుంది. అప్పటికి మీ కిటికీ మూసుకుంటుందని తెలుసు. అయినా పోయేదేముంది?"

ఆరు, పన్నెండు, పద్దెనిమిది. అసలు కిటికీ పదిహేడో సెకనుకు తెరుచుకుంటుంది, ఇరవై ఒకటి దాకా తెరిచి ఉంటుంది. రెండో పల్స్ సరిగ్గా దానిలోంచే దూరిపోతుంది.

మామయ్య పదకొండు సెకన్లు దాచాడు. మెకానిక్ పన్నెండు సెకన్లు తెచ్చాడు. ఒకరి లెక్క ఒకరికి తెలియదు.

గదిలోని దీపాలు ఒక్కసారి మసకబారి వెలిగాయి. మొదటి పల్స్ పోయింది. స్క్రీన్ మీద ఎర్ర గీత: సిగ్నల్ వెనక్కి.

"తగల్లేదు!" మెకానిక్ కుర్చీ తన్నుకుంటూ లేచాడు. సున్నా అప్పటికే గోడ వైపు రెండడుగులు వేశాడు. వాడి చేతిలోకి పిస్తోలు వచ్చింది. "ఆగు! పంతులూ, ఎక్కడికి?"

పది. పదకొండు.

"దగ్గు... మందు..." సున్నా ఇన్‌హేలర్ చూపించాడు.

"కదలకు. ఏదో తప్పు చేశావు నువ్వు."

"ఆయన కాదు" అంది ముత్యాలావిడ. "నేను."

వాడు తల తిప్పాడు. ఆమె మెడలోని మూడు వరసలూ గుప్పిట పట్టి ఒక్క గుంజు గుంజింది. నేల మీద ముత్యాలు వడగళ్లలా రాలాయి. రాలుతున్న ముత్యాల మధ్య ఎవడి కళ్లైనా కిందికే పోతాయి. చావు ముందున్నా అంతే.

పదహారు. సున్నా గాలిలోకి దూకాడు. పదిహేడు. ఎర్ర హ్యాండిల్ వేళ్లకు తగిలింది.

కరెంటు పోయింది. తలుపుకు బోల్టు పడింది. గ్యాసు దిగింది. ఆ వరసలోనే. మెకానిక్ బిగించిన పనికి వంక పెట్టడానికి లేదు.

మూలన ఎమర్జెన్సీ దీపం వెలిగింది. వాడు తలుపు దగ్గరికి పరుగెత్తి బోల్టు మీద మూడుసార్లు కాల్చాడు. అది వాడి చేతిపని, చెక్కుచెదరలేదు. పిస్తోలు పారేసి రెండు చేతులతో తలుపు బాదాడు.

"అదే గ్యాసు" అన్నాడు సున్నా. ఆ ఒక్క మాటకు గాలి ఖర్చు పెట్టవచ్చనుకున్నాడు. "మా మామయ్య తలుపు కొట్టలేదు."

వాడు వెనక్కి తిరిగి అతణ్ణి మొదటిసారి చూసినట్టు చూశాడు.

సున్నా మొదటి శ్వాస పీల్చాడు. ముత్యాలావిడ గోడకు ఆనుకుని కూర్చుంది.  మామయ్య విద్యార్థి, ఈ ముఠా మనిషి: ప్రోగ్రామ్‌ను అమ్మినది ఈమేనని అతడికి ఇప్పుడు తెలుసు. రెండు అడుగుల దూరం. ఆ రెండు అడుగులు వేయడానికి అతడికి నాలుగు సెకన్లు పట్టింది. ఇన్‌హేలర్ ఆమె నోటికి పెట్టాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతడు గడ్డం పట్టుకుని నొక్కాడు. ఆమెకొకటి, తనకొకటి. ఆమెకు రెండు, తనకొకటి.

ఒక చెయ్యి నేల మీద పాకుతూ వచ్చి అతడి కాలు పట్టుకుంది. గోళ్లలో నూనె మరక లేదు. ఆ చెయ్యి ఇన్‌హేలర్ వైపు చాచుకుంది.

సున్నా ఆ చెయ్యి వంక చూస్తూ తనలో సంతోషం కోసం వెతికాడు. ఉంది. అనుకున్నంత లేదు. కాని ఉంది. లేదని తనకు తాను అబద్ధం చెప్పుకోలేదు.

తలుపు కోసే చప్పుడు వినబడేసరికి ఆ చెయ్యి జారిపోయి చాలాసేపయింది.

* * *

డాబా మీద, ఆరుతున్న దుప్పట్ల మధ్య, ఇద్దరు గార్డుల నడుమ ముత్యాలావిడ నిలబడింది. వైర్లెస్‌లో కబురు వచ్చింది: పారాచూట్లు సరైన ఎత్తులో విచ్చుకున్నాయి, ఇద్దరూ క్షేమం.

"మామయ్యను ఎందుకు అమ్మావు?"

"ఆ వరుస నాది" అంది ఆమె. "ఆయన మార్చిన వరుస. ఎలక్ట్రాన్ల సూత్రం. రెండేళ్లు రాత్రీ పగలూ చేశాను. నా పేరు రెండోదిగా వేసి అచ్చు వేయించారు. అందరూ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. పదిహేనేళ్లు ఓర్చుకున్నాను. పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోందని తెలిసిన రోజు ఓర్చుకోలేకపోయాను. ప్రోగ్రామ్ పోతే ఆయనకు తెలిసొస్తుందనుకున్నాను. మనిషి పోతాడని అనుకోలేదు."

"అనుకోవాల్సింది."

"అనుకోవాల్సింది." ఆమె మెడ తడుముకుంది. అక్కడ ముత్యాలు లేవు. "నా పేరు ఆయన స్క్రీన్ మీద కనబడి ఉంటుంది. లక్ష వరుసల్లో ఇంకేదైనా చెడగొట్టొచ్చు. నాదే చెడగొట్టారు. ఆ పరీక్ష మీకు పెట్టింది కాదు సార్. నాకు. మొదటిసారి అదే పరీక్షలో నాకు వందకు వంద వేశారు. ఈసారి తప్పితేనే పాసవుతానని నాకు తెలుస్తుందో లేదో చూశారు."

సున్నాకు కొంచెం అసూయ కలిగింది. తొంభై సెకన్లలో మామయ్య తలచుకున్న మనిషి తను కాదు.

"నన్నెందుకు బతికించారు?"

"నీ శిక్ష నా చేతిలో లేదు" అన్నాడు అతడు. "కోర్టులో అత్తయ్య ముందు వరుసలో కూర్చుంటుంది. ఆవిడ కళ్లలోకి చూసి చెప్పాలి నువ్వు. గ్యాసు అంతకన్నా తేలిక."

* * *

మరదలికి వారం పాటు నడక రాలేదు. ఆస్పత్రి మంచం మీద కూర్చుని, తండ్రి ఇస్త్రీ చొక్కా ఒకటి ఒళ్లో పెట్టుకుని, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో బావ వంక చూసింది.

"బావా, మా నాన్న పరీక్షలో రెండుసార్లు సున్నా తెచ్చుకున్నవాడివి నువ్వొక్కడివే."

"రెండోసారి కష్టపడి తెచ్చుకున్నానే."

"మొదటిసారి కూడా కష్టపడ్డావులే. వంటింట్లో కూర్చుని ఏడ్చావు, నాకు తెలుసు."

అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో అతడి రిపోర్టు చదువుతోంది. బయటివాళ్లకు చూపించకూడదు, అతడే తెచ్చి ఇచ్చాడు. ఆమె ఒక పేజీ దగ్గర ఆగి పెదవులతో కూడుకుంది.

"తలుపు కొట్టాడా వాడు?"

"కొట్టాడు అత్తయ్యా."

 "నాకింకా తేలికపడలేదురా. పడుతుందనుకున్నాను." తర్వాత పేజీ మీద వేలు పెట్టింది. "నీ సీసాలో ఇరవై ఐదు శ్వాసలు. ఆమె పదమూడు తీసుకుందని రాశావు. నువ్వు తొమ్మిది. కింద 'ఆక్సిజన్ పూర్తిగా అయిపోయినందున నిందితుణ్ణి కాపాడటం సాధ్యం కాలేదు' అన్నావు."

సున్నా కిటికీ బయటికి చూశాడు.

"మిగతా మూడు?"

 దొరికిపోయేలా రాసిన తప్పు అది. ఎవరో ఒకరికి దొరకాలనే అతడు రాశాడు.

ముప్ఫై ఏళ్ల అలవాటు కొద్దీ అత్తయ్య చెయ్యి సంచీలోని ఎర్ర పెన్ను మీదికి వెళ్లింది. మూత తీసింది. ఆ అంకెల మీద పెన్ను కాసేపు ఆగింది. మళ్లీ మూత పెట్టి, ఫైలు మూసి, అతడి చేతిలో పెట్టింది.

"సరిగ్గానే ఉంది" అంది.

ఆ రిపోర్టులో ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేదు. పట్టగలిగినవాళ్లలో ఒకరు జైల్లో ఉన్నారు, మిగిలినవాళ్లు బంధువులు.